కాళ్ళు నడిస్తే మెదడుకేం లాభం?



మన ఒంట్లో అందరికన్నా పెద్ద తిండిపోతు ఎవరో చెప్పండి చూద్దాం. ఈ ప్రశ్న నేను ఏ తరగతిలో అడిగినా ముందు బెంచీవాళ్ళు, "కడుపండీ!" అని అరిచేవాళ్ళు. కడుపు తిండిపోతు కాదు. అది వంటిల్లు మాత్రమే. వండినదంతా వడ్డించేస్తుంది, తాను ఉంచుకునేది కొంచెమే. అసలు తిండిపోతు తలలో కూచుని ఉన్నది. పెద్దవాళ్ళ మెదడును తూచితే సుమారు 1,300 నుంచి 1,400 గ్రాముల దాకా తూగుతుంది. అనగా, ఒంటి బరువు నూరు పాళ్ళనుకుంటే మెదడు రెండు పాళ్ళన్నమాట. అయితే మనం ఊరికే కూచుని ఉన్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో నూటికి 20 పాళ్ళు అదే తినేస్తుంది. నూరుమంది పంక్తిలో భోజనానికి కూచుంటే, వాళ్ళలో ఇద్దరే ఇరవైమంది విస్తళ్ళు ఖాళీ చేసినట్టు!

పైగా ఈ తిండిపోతుకు దాచుకోవటం చేతగాదు. చీమకు పుట్టలో గింజలుంటాయి. ఒంటెకు మూపురంలో కొవ్వు ఉంటుంది. మన కండలలో కూడా కొంత నిలవ సరుకుంటుంది. మెదడుకు మాత్రం ఏ క్షణం సరుకు ఆ క్షణం రావలసిందే. ఆ సరుకును మోసుకువచ్చేది నెత్తురు. నిమిషానికి ముప్పావు లీటరు నెత్తురు మెదడులోకి పోతుంది. అది పూర్తిగా ఆగిపోతే, పది సెకండ్లు గడిచేసరికి మనిషికి స్పృహ తప్పుతుంది. నాలుగైదు నిమిషాలు ఆగితే మెదడులోని కణాలు చచ్చిపోసాగుతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నారంటే, ఇవాళ నేను చెప్పబోయేది సగం మీకు బోధపడినట్టే.

ఇవాళ ఈ విషయం ఎత్తుకోవటానికి కారణం ఉన్నది. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. వాళ్ళ తాతయ్య ఈ మధ్య ఆమెను వాళ్ళ మేనత్త పేరుపెట్టి పిలుస్తున్నాడట. అన్నం తిన్న గంటకు, "ఇంకా అన్నం పెట్టలేదేం?" అని అడుగుతున్నాడట. ఆడుకోవటానికి వచ్చిన పిల్లలు అది విని నవ్వారట. ఆ అమ్మాయికి ఏడుపొచ్చింది. "మాస్టారూ, మా తాతయ్య నన్ను కూడా మరిచిపోతాడా? మరిచిపోకుండా ఏమన్నా చేయవచ్చా?" అని అడిగింది. ఊరూ పేరూ నేను రాయను. ఇటువంటి తాతయ్యలూ నాయనమ్మలూ మీలో చాలామంది ఇళ్ళలో ఉన్నారు గనక జవాబు అందరికీ చెబుతున్నాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతకటం, తెలిసినవాళ్ళ పేరు నాలిక చివర నిలిచిపోయి అరగంటకు గుర్తురావటం, ఇవి వయసుతో వచ్చేవి. అరవై దాటినవాణ్ణి, నాకూ ఉన్నాయి. మీ పేర్లు చటుక్కున గుర్తురాకపోతే కంగారుపడకండి. తిన్న సంగతే మరిచిపోవటం, ముప్పై ఏళ్ళు తిరిగిన వీధిలో దారి తప్పటం, డబ్బు లెక్క బొత్తిగా తెలియకపోవటం, ఇవి వేరు. దీన్ని డాక్టర్లు డిమెన్షియా అంటారు. ఇది జబ్బే. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో సుమారు 88 లక్షలమందికి ఇది ఉండవచ్చునని 2023లో వెలువడిన ఒక లెక్క చెబుతున్నది. మరిచిపోయే మనిషిని చూసి నవ్వటమూ, కుంటివాణ్ణి చూసి నవ్వటమూ ఒకటే. అటువంటి మార్పు కనిపిస్తే, "ముసలితనం, అంతేలే!" అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించమని ఇంట్లో పెద్దలతో చెప్పండి. కొన్నిసార్లు ఒంట్లో ఒక విటమిను తగ్గినా, గొంతు దగ్గరి థైరాయిడు గ్రంథి మందగించినా ఇదే మాదిరి మరపు వస్తుంది. దానికి మందు ఉన్నది, తగ్గుతుంది కూడాను.

ఇక రెండో ప్రశ్న: మరపు రాకుండా ఏమన్నా చేయవచ్చునా? అందుకు జవాబు లండను నగరంలో, ఒక బస్సులో మొదలవుతుంది.

లండనులో రెండంతస్తుల బస్సులున్నాయి గదా. ఒకప్పుడు ఒక్కొక్క బస్సులో ఇద్దరు పనిచేసేవాళ్ళు. డ్రైవరు ముందు కూచుని బస్సు నడిపేవాడు. కండక్టరు టిక్కెట్లు కోస్తూ పై అంతస్తుకూ కింది అంతస్తుకూ పొద్దస్తమానం ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. జెరెమీ మారిస్ అనే డాక్టరుకు ఒక అనుమానం వచ్చింది. గుండెపోటు ఈ ఇద్దరికీ ఒకే మాదిరిగా వస్తున్నదా? ఆయనా ఆయన సహచరులూ కలిసి వేలకొద్దీ బస్సు ఉద్యోగుల లెక్కలు తీశారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే రకం జీవితం. కాని డ్రైవరు తన పని వేళలో నూటికి 90 పాళ్ళు కూచునే ఉంటాడు. కండక్టరు రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. లెక్క తేలేసరికి, కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వస్తున్నదనీ, వచ్చినా పెద్ద వయసులో వస్తున్నదనీ కనబడింది. ఈ సంగతి 1953లో "లాన్సెట్" అనే వైద్య పత్రికలో వెలువడింది.

చాలామంది నమ్మలేదు. మెట్లెక్కితే గుండెకు మేలేమిటి, అరిగిపోదూ అన్నారు. మీలాంటి తెలివైనవాళ్ళు మరొక ఆక్షేపణ తెచ్చారు. లావుగా ఉన్నవాళ్ళే ఏరికోరి డ్రైవరు పనిలో చేరి ఉండవచ్చు గదా, అప్పుడు తప్పు కుర్చీది ఎట్లా అవుతుంది? మంచి ప్రశ్న. మారిస్ ఏంచేశాడో తెలుసా? కంపెనీవాళ్ళు ఉద్యోగులకు కుట్టించి ఇచ్చే ప్యాంట్ల కొలతలు తెప్పించాడు! చూడగా, డ్రైవర్ల నడుము కొలత నిజంగానే ఎక్కువ. అనగా ఆ ఆక్షేపణలో కొంత సత్యం ఉన్నదన్నమాట. ఆయన దాన్ని దాచలేదు, 1956లో అచ్చువేయించాడు. తరువాత లావు, సన్నం విడివిడిగా తీసి చూసినా కండక్టర్లే మేలుగా ఉన్నారు. ఇంటింటికీ తిరిగే తపాలా బంట్రోతులనూ, ఆఫీసులో కూచునే గుమాస్తాలనూ పోల్చి చూసినా అదే తేలింది. తన వాదానికి అడ్డువచ్చే లెక్కను తానే వెతికి బయటపెట్టినవాడే నిజమైన శాస్త్రజ్ఞుడని నా అభిప్రాయం. మారిస్ తాను చెప్పినది తానే ఆచరించి, తొంభై ఏళ్ళు దాటినా వ్యాయామం మానక, 2009లో 99వ ఏట కన్నుమూశాడు.

"మాస్టారూ, ఇదంతా గుండె సంగతి. మెదడు సంగతి గదా మేం అడిగింది?" అంటారు మీరు. గుండెకూ మెదడుకూ మధ్య ఉన్నవి గొట్టాలే. మెదడు లోపల నెత్తురు పారే నాళాలు వెంట్రుకకన్నా సన్ననివి. వాటినన్నిటినీ ఒకదాని చివర ఒకటి కలిపితే కొన్ని వందల కిలోమీటర్ల పొడవుంటుంది. పెద్ద కాలవకు గండిపడితే ఊరంతా పరిగెత్తుతుంది. పంటబోదెలో ఒక మూల మట్టి పేరుకుంటే ఎవరికీ తెలియదు, ఆ చివరి మడి మాత్రం నిశ్శబ్దంగా ఎండిపోతుంది. రక్తపు పోటు ఎక్కువైతే, నెత్తురులో చక్కెర ఎక్కువైతే, ఏళ్ళ తరబడి ఈ సన్ననాళాలు గట్టిబడీ పూడుకునీ మెదడులో మడులు ఎండుతాయి. రోజూ నడిచేవాళ్ళకు రక్తపు పోటు తగ్గుతుంది, చక్కెర అదుపులో ఉంటుంది, నాళాలు మెత్తగా సాగుతూ ఉంటాయి. కాళ్ళు చేసిన పని మెదడుకు ముట్టే దారులలో ఇది మొదటిది.

రెండో దారి ఇంకా చిత్రమైనది. దానికోసం మెదడు లోపలికి పోవాలి.

చెవుల ఎత్తున, బాగా లోపలగా, కుడివైపు ఒకటీ ఎడమవైపు ఒకటీ వంపు తిరిగిన చిన్న భాగాలున్నాయి. సముద్రంలో గుర్రం తలకాయతో, చుట్ట తిరిగిన తోకతో ఒక చిన్న చేప ఉంటుంది, బొమ్మల్లో చూసే ఉంటారు. ఈ భాగం ఆ చేప మాదిరిగా ఉన్నదని 1587లో ఇటలీ దేశపు వైద్యుడు అరాంజీ దానికి "హిప్పోకాంపస్" అని ఆ సముద్రగుర్రం పేరే పెట్టాడు. దాని పనేమిటో చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలిసిన తీరు కొంచెం విచారకరం. అదే 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛలు పోగొట్టాలని, స్కావిల్ అనే డాక్టరు శస్త్రచికిత్స చేసి రెండువైపులా ఈ భాగాన్ని చాలావరకు తీసివేశాడు. మూర్ఛలు తగ్గాయి. కాని హెన్రీ ఆ తరువాత కొత్త సంగతి ఏదీ గుర్తుంచుకోలేకపోయాడు. చిన్ననాటి సంగతులు చెప్పేవాడు, చక్కగా మాట్లాడేవాడు. అయితే బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు ఏళ్ళ తరబడి వచ్చి అతన్ని పరీక్షిస్తూ ఉంటే, ప్రతిసారీ ఆమెను అప్పుడే మొదటిసారి చూసినట్టు పలకరించేవాడు. 2008లో చనిపోయేదాకా అతని పరిస్థితి అంతే. కొత్త సంగతిని జ్ఞాపకంగా మార్చి భద్రపరచే గుమాస్తా ఈ హిప్పోకాంపసేనని లోకానికి అట్లా తెలిసింది.

వయసు పైబడినకొద్దీ ఈ గుమాస్తా గది కుంచించుకుపోతుంది. ముసలితనంలో ఏటా నూటికి ఒకటి రెండు పాళ్ళు తగ్గుతుందని లెక్క. డిమెన్షియాలలో ఎక్కువగా కనిపించే ఆల్జైమర్ జబ్బులో అయితే మొదట దెబ్బతినే చోట్లలో ఇదొకటి.

పోయిన మెదడు కణాలు మళ్ళీ పుట్టవని చాలాకాలం పాఠ్యపుస్తకాలలో ఉండేది. 1960 తరువాత జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే ఆయన, పెద్ద ఎలుకల మెదడులో కూడా కొత్త కణాలు పుడుతున్నాయని చూపించాడు. ఆయన మాట పెద్దగా ఎవరూ చెవిని పెట్టలేదు. 1999లో కాలిఫోర్నియాలో హెన్రియెట్ వాన్ ప్రాగ్, ఫ్రెడ్ గేజ్ ఇంకొందరితో కలిసి చిట్టెలుకలమీద ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఎలుకల బోనుల్లో తిరిగే చక్రం పెట్టారు, కొన్నింటిలో పెట్టలేదు. చిట్టెలుకకు చక్రం కనిపిస్తే ఒకరు చెప్పనక్కరలేదు, రాత్రంతా దానిమీద పరిగెత్తుతుంది. చక్రం ఉన్న ఎలుకల హిప్పోకాంపసులో కొత్త కణాలు, చక్రం లేనివాటికన్నా ఇంచుమించు రెట్టింపు కనిపించాయి! 2005లో ముసలి ఎలుకలకు చక్రం ఇచ్చి చూస్తే, వయసుతో పడిపోయిన కొత్త కణాల సంఖ్య పడుచు ఎలుకల సంఖ్యలో సగం దాకా తిరిగి పెరిగింది. నీళ్ళలో దాచిన తిన్నెను ఈదుకుంటూ వెతికే పరీక్షలో కూడా అవి తోటి ముసలి ఎలుకలకన్నా త్వరగా నేర్చుకున్నాయి.

పరుగు కాళ్ళతో గదా, కబురు మెదడుకెట్లా అందింది? ఆ కబురు మోసేవాటిలో ఒక ప్రోటీను ఉన్నది. దాని పేరు పెద్దది: బ్రెయిన్ డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫాక్టర్. శాస్త్రజ్ఞులకే నోరు తిరగక బి.డి.ఎన్.ఎఫ్. అంటారు. 1982లో జర్మనీలో బార్డ్, థోనెన్ మొదలైనవాళ్ళు దీన్ని పంది మెదడునుంచి వేరుచేశారు. మొక్కకు ఎరువెట్లాగో మెదడు కణాలకు ఇది అట్లాగు. కణం బతకటానికీ, కొమ్మలు వేసి పక్క కణంతో చేయి కలపటానికీ తోడ్పడుతుంది. పరిగెత్తే ఎలుకల మెదడులో ఈ ఎరువు పెరుగుతుందని 1995లో కనిపెట్టారు.

అయితే మనం ఎలుకలం కాము గదా. మనిషిలో కూడా పెద్దయ్యాక మెదడు కణాలు కొత్తగా పుడతాయని 1998లో కొందరు చూపించారు. 2018లో మరికొందరు, మాకు కనిపించలేదన్నారు. పెద్ద తగాదా, ఇప్పుడు కూడా పూర్తిగా తీరలేదు. దాన్ని వాళ్ళకే వదిలేసి మనం మనుషులమీద చేసిన ప్రయోగం చూద్దాం.

అమెరికాలో కిర్క్ ఎరిక్సన్, ఆర్థర్ క్రామర్ ఇంకా కొందరు కలిసి 55 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసుగల 120 మందిని పోగుచేశారు. వీళ్ళంతా కూచున్నచోటునుంచి కదలనివాళ్ళే. వీళ్ళను రెండు జట్లు చేశారు. మొదటి జట్టు వారానికి మూడు రోజులు నడవాలి. మొదటి వారం 10 నిమిషాలే. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ ఏడో వారానికి 40 నిమిషాలకు తెచ్చారు. రెండో జట్టు కూడా వారానికి మూడుసార్లు అక్కడికే వచ్చి, ఒళ్ళు సాగదీసే తేలిక కసరత్తులు చేయాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రెండో జట్టు దేనికి? నడిచినవాళ్ళను మాత్రం చూస్తే చాలదూ? చాలదు. నడిచినవాళ్ళకు మేలు జరిగిందనుకోండి. అది నడకవల్లా, లేక ఇల్లు కదిలి పదిమందిలో పడి కబుర్లు చెప్పుకోవటంవల్లా? రెండో జట్టువాళ్ళు కూడా ఇల్లు కదిలారు, కబుర్లు చెప్పుకున్నారు, వాళ్ళకు లేనిది నడక ఒక్కటే. అప్పుడు తేడా వస్తే అది నడకదే. ఎవరన్నా మీతో, "ఫలానా ఆకు తిన్నాను, జ్ఞాపకశక్తి పెరిగింది!" అంటే, "తిననివాళ్ళ సంగతేమిటండీ?" అని మర్యాదగా అడగండి. సైన్సు పుస్తకమంతా మరిచిపోయినా ఆ ఒక్క ప్రశ్న మరిచిపోకండి.

సరే, ఏడాది గడిచింది. ఎం.ఆర్.ఐ. అనే యంత్రంతో అందరి మెదడు బొమ్మలూ తీశారు. సాగదీసే కసరత్తు చేసినవాళ్ళ హిప్పోకాంపస్ నూటికి 1.4 పాళ్ళు తగ్గింది. వయసుతో తగ్గేదే అది. నడిచినవాళ్ళది తగ్గకపోగా నూటికి 2 పాళ్ళు పెరిగింది! ఒకటి రెండు ఏళ్ళ నష్టం వెనక్కు వచ్చినట్టే గదా. నడిచినవాళ్ళలో ఎవరికి ఆ భాగం ఎక్కువ పెరిగిందో, వాళ్ళ జ్ఞాపకం కూడా ఎక్కువ మెరుగైంది. ఇది 2011లో ప్రకటించారు. దీనికి ముందే, 1999లో క్రామర్ బృందం 60 నుంచి 75 ఏళ్ళవాళ్ళను 124 మందిని తీసుకుని ఆరు నెలలు ఇట్లాగే రెండు జట్లుగా చూసింది. అప్పుడు కూడా, ఒక పనినుంచి ఇంకో పనికి మనసు చురుకుగా మళ్ళించటంలో నడిచినవాళ్ళే మెరుగు.

ఇంతవరకూ విని, "అయితే తాతయ్యను రేపటినుంచి నడిపించేస్తాను, జబ్బు పారిపోతుంది" అనుకోకండి. మిగతా సగం కూడా చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. పైన చెప్పిన 2011 ప్రయోగంలోనే, జ్ఞాపకం పరీక్షలో రెండు జట్లూ కొంత మెరుగయ్యాయి. నడిచినవాళ్ళొక్కరే గెలిచారని చెప్పటానికి లేదు. 2022లో అమెరికాలోనే 585 మంది పెద్దవాళ్ళతో చేసిన మరొక ప్రయోగంలో వ్యాయామంవల్ల జ్ఞాపకం పెరిగినట్టు కనబడలేదు. ఇక డిమెన్షియా వచ్చేసినవాళ్ళ సంగతి: ఇంగ్లండులో అటువంటివాళ్ళను 494 మందిని తీసుకుని చూశారు. కొందరిచేత గట్టి వ్యాయామం చేయించారు. 2018లో ఫలితం చెప్పారు. వాళ్ళ ఒళ్ళు గట్టిపడింది గాని మరపు తగ్గలేదు, ఆగలేదు కూడా. కనక వ్యాయామం కట్టలాంటిది. వరద రాకముందు వేసిన కట్ట ఊరిని కాపాడవచ్చు. నీళ్ళు ఇంట్లోకి వచ్చాక కట్ట వేసి ఏం లాభం? జబ్బు వచ్చినవాళ్ళను కూడా నడిపించవచ్చు. రాత్రి నిద్ర పడుతుంది, తూలిపడటం తగ్గుతుంది, బయటి గాలి మనసుకు హాయి. కాని, "ఇంకా నడు, ఇంకా నడు, అప్పుడే గుర్తొస్తుంది" అని ముసలివాళ్ళను వేధించటం పాపం.

అందుచేత, ఉత్తరం రాసిన అమ్మాయికి, "మీ తాతయ్య నిన్ను మరిచిపోడు" అని నేను మాట ఇవ్వలేను. డాక్టరుకు చూపించమని మాత్రం చెప్పగలను. ఇంకొకటి కూడా చెప్పగలను. పేరు గుర్తులేకపోయినా, పక్కన కూచుని చేయి పట్టుకున్నది తనవాళ్ళేనని చాలాకాలం దాకా వాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. మేనత్త పేరుతో పిలిచినా పలుకు తల్లీ. నీలో ఆయనకు తన కూతురు కనిపిస్తున్నదన్నమాట.

ఇంకా బాగానే ఉన్న తాతయ్యలు, అమ్మమ్మల మాటేమిటి? 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన శాస్త్రజ్ఞుల సంఘం ఒక పెద్ద లెక్క తయారుచేసింది. ప్రపంచంలో డిమెన్షియా వచ్చేవాళ్ళలో నూటికి 45 మందికి అది రాకుండానో, ఆలస్యంగానో చేయవచ్చునట. అందుకు సరిదిద్దవలసిన కారణాలు 14 చెప్పారు. ఒళ్ళు కదల్చకపోవటం వాటిలో ఒకటి. రక్తపు పోటు, చక్కెర జబ్బు, పొగతాగటం, చెవుడు, చూపు మందగించటం, ఒంటరితనం వంటివి మరికొన్ని. ఈ పట్టికలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? చిన్నతనంలో చదువు లేకపోవటం! చిన్నప్పుడు బడికి పోయి బుర్రకు పదును పెట్టినవాళ్ళ మెదడు, ముసలితనంలో దెబ్బ తట్టుకునే శక్తి ఎక్కువగా కూడబెట్టుకుంటుంది. నేను ముప్పైయేళ్ళకు పైగా పిల్లల వెంటపడి బడికి రప్పించాను. ఈ కారణం అప్పుడు తెలిసి ఉంటే దీన్ని కూడా వాళ్ళ తండ్రులకు వినిపించి ఉండేవాణ్ణి.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళను కదలనివ్వకుండా చేసేది ఎవరనుకున్నారు? మనమే! అదీ ప్రేమకొద్దీ. "మీరు కూచోండి, నేను తెస్తాను." "మీకెందుకు శ్రమ?" అంటూ ఉంటాం. మా నాయనమ్మ నూతిలో నీళ్ళు తోడేది, పిండి విసిరేది, వడ్లు దంచేది, పొలం గట్టున నడిచి అన్నం మోసుకుపోయేది. వ్యాయామం అన్న మాట ఆమె విని ఉండదు. ఆ కష్టం మళ్ళీ రావాలని నేననను. అందులో నడుములు విరిగినవాళ్ళు కూడా ఉన్నారు. అయితే ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే పిండి, ఫోనులో చెబితే గుమ్మం ముందుకే కూరగాయలు. మిగిలింది కుర్చీ, దాని ఎదురుగా టీవీ. మా ఇంట్లో ఉదయం పాలకు నేనే పోతాను. ఆ హక్కు కోసం మా కోడలితో కొన్నాళ్ళు వాదించవలసి వచ్చింది, చివరకు నేనే గెలిచాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం, పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు కొంచెం చురుకుగా ఒళ్ళు కదల్చాలి. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులన్నమాట. అరవై ఐదు దాటినవాళ్ళు దానితోపాటు, తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తులు కూడా వారానికి మూడు రోజులు చేస్తే మంచిది. మీ వయసువాళ్ళకు రోజుకు 60 నిమిషాలు. చెడుగుడో, తొక్కుడుబిళ్ళో, ఏదైనా సరే, ఫోనులో ఆడే క్రికెట్టు తప్ప.

కనక ఈ నెల మీకొక పని ఇస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని తోడు తీసుకుని సాయంత్రం నడకకు బయలుదేరండి. గుండెజబ్బు ఉన్నవాళ్ళయితే ముందు డాక్టరును అడిగి రమ్మనండి. నడుస్తూ ఉండగా రొమ్ములో నొప్పో, ఎన్నడూ లేని ఆయాసమో వస్తే ఆ క్షణమే ఆపి పెద్దలకు చెప్పాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు నడవకపోయినా ఫరవాలేదు. గట్టి కుర్చీలో కూచుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూచున్నా అది వ్యాయామమే. ఎండ తగ్గాక పొండి. కాలికి గట్టి చెప్పులుండాలి, కావలిస్తే చేతికర్ర ఉండాలి. మొదటి వారం 10 నిమిషాలు చాలు. ఆ ప్రయోగంలో చేసినట్టే వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. మీరు ముందుకు పరిగెత్తవద్దు, పక్కనే నడవండి.

నడక సరిపోతున్నదా లేదా అని తెలుసుకోవటానికి గడియారమూ అక్కరలేదు, యంత్రమూ అక్కరలేదు. మీరు చదివిన బడి ఎక్కడ ఉండేది, ఈ వీధిలో అప్పుడు ఎవరెవరుండేవాళ్ళు అని దారిపొడుగునా అడుగుతూ ఉండండి. తాతయ్య మాట మధ్యలో ఆగి ఎగశ్వాస తీస్తుంటే వేగం ఎక్కువైందని గుర్తు, కాసేపు అరుగుమీద కూచోబెట్టండి. మాట్లాడగలిగీ పాడలేకపోతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. అట్లా గాక, ఆయన చిన్నప్పుడు వేసిన నాటకంలోని పద్యం ఒకటి ఎత్తుకుని తీరిగ్గా రాగం తీస్తున్నాడనుకోండి, పద్యం పూర్తిగా విని, చప్పట్లు కొట్టి, కొంచెం వేగంగా నడవమని చెప్పండి.